అమ్మకు, మట్టి పని గురించి

కుపర్టినో,
మార్చి 8

అమ్మా,

ఫోన్‌లో చెబుదామంటే సగంలోనే నీ గొంతు మారిపోతుంది, అందుకే రాస్తున్నాను. నాన్నకి కూడా చదివి వినిపించు. నా ఉద్యోగం పోలేదు. జీతం వస్తోంది, వీసా కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. ఆఫీసు గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

గ్రూపులో నా ఫోటో చూసి పిన్ని “ఏటే, అమెరికా వెళ్ళి మట్టి పనా?” అంది. దానికి నువ్వు ఒక్క మాటా అనలేదు. పిన్ని మాట కంటే నాకు అదే ఎక్కువ బాధనిపించింది. డబ్బు కోసం చేస్తున్నది కాదమ్మా. డబ్బు కోసం చేసినా తప్పేముంది, అది వేరే సంగతి.

మీరిద్దరూ వచ్చినప్పుడు రాంచో శాన్ ఆంటోనియో అనే కొండల పార్కుకి వెళ్ళాం కదా, నువ్వు మేకల దగ్గరే ఆగిపోయావు. ఇటువైపు కొండల్లో ఇళ్ళు లేవకుండా ఉండాలని జనం 1972లో ఓట్లేసి ఒక సంస్థనే పెట్టుకున్నారు. అలాంటి కొండల్లో కాలిబాటలు బాగుచేయడానికే నేను శనివారాలు వెళ్తున్నాను. సిబ్బంది దగ్గరుండి చేయిస్తారు. హెల్మెట్, గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా లేకపోతే పనిముట్టు చేతికివ్వరు. ఒకరి చేతిలోది ఇంకొకరికి తగలనంత ఎడంగా నిలబడాలి.

బాటని ఎక్కువ పాడుచేసేది వాన నీరు. ఇక్కడ వానలన్నీ చలికాలంలోనే. నీరు బాటలోకి దిగి దాని వెంటే పారిందంటే మధ్యలో కాలువ పడిపోతుంది. ఎర్రమట్టి దిబ్బల్లో నాన్న చూపించిన గండ్లు నీళ్ళు కోసినవే కదా. అందుకని బాటని లోయ వైపు కొంచెం వాలుగా చెక్కుతాం, అక్కడక్కడ అడ్డంగా పల్లం తీస్తాం. నీరు బాట దాటి పక్కకి పోవాలి. మట్టి తడిగా ఉన్నప్పుడే ఈ పని కుదురుతుంది, ఎండాకాలం తొక్కితే దుమ్మే. ఇంకోటి, బురద కనిపిస్తే పక్కనుంచి పోకూడదు, బురదలోంచే నడవాలి. అందరూ పక్కనుంచి నడిస్తే గడ్డి చచ్చి బాట వెడల్పయిపోతుంది.

ఫోటోలో నా చేతిలో ఉన్నది పులాస్కీ. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు మట్టి తవ్వే అంచు. 1910లో పెద్ద అడవి మంటలొస్తే తన మనుషుల్ని సొరంగంలోకి తీసుకెళ్ళి, చాలామందిని బతికించిన రేంజరు పేరు అది. దాన్ని పట్టుకున్నప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు.

పాములున్నాయా అని అడుగుతావని తెలుసు. ఉన్నాయి. చెయ్యి పెట్టే ముందు, కాలు వేసే ముందు చూసుకుంటాం. నేను భయపడేది పాయిజన్ ఓక్ అనే మొక్కకి. అది మన జీడిమామిడి కుటుంబంలోదే. పలాసలో జీడిపిక్కలు కొట్టేవాళ్ళ చేతులు ఎలా కాలుతాయో నీకు తెలుసు కదా, దీని జిగురు తగిలినా ఒళ్ళు అలాగే పొక్కిపోతుంది. ఆకులు రాలిపోయాక పుల్లలు తగిలినా అంతే. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది కడుక్కుంటాను, బట్టలు విడిగా ఉతుకుతాను. నాకు ఇంతవరకూ ఏమీ కాలేదు.

రూమ్మేట్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక శనివారాలు చాలా పెద్దవైపోయాయి. పొద్దున లేచి, ఉప్మా తిని, ఇక సాయంత్రం దాకా మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఇది నీకు అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు రిటైరైన టీచరమ్మ ఒకావిడ నా పక్కన పనిచేస్తుంది. నా వీసా ఎంతవరకూ ఉందని ఒక్కసారీ అడగలేదు, మట్టి ఎలా చెక్కాలో మాత్రం ఓపిగ్గా చూపిస్తుంది. ఆ రాత్రి నాకు బాగా నిద్రపడుతుంది.

నాన్నా, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మర్నాడు మన వీధిలో పడిన చెట్లని మీరు, ఎదురింటి అంకుల్ రంపంతో కోస్తుంటే నేను కొమ్మలు లాగాను. కరెంటు లేదు, నీళ్ళు లేవు, అయినా అంబులెన్స్ వచ్చేంత దారి కావాలన్నారు మీరు. మట్టి పని మన ఇంటికి కొత్తదేం కాదని పిన్నికి చెప్పండి.

అమ్మా, చందనోత్సవానికి నాన్నని క్యూలో నిలబెట్టకు, ఆ ఎండకి షుగర్ పడిపోతుంది. మరో రోజు దర్శనానికి వెళ్ళండి. ఆదివారాలు పొద్దున్నే కంబాలకొండ తీసుకెళ్ళు, నీడలో నడుస్తారు. తుఫానుకి కూలిన చోట చెట్లు ఎంత ఎత్తు లేచాయో చూసి నాకు ఫోటోలు పెట్టండి.

రైతు బజారులో వేప పువ్వు దొరికితే ఎండబెట్టి ఉంచు, మన కాలనీ నుంచి ఒకాయన ఏప్రిల్‌లో ఇటొస్తున్నారు. ఉగాది దాటిపోయినా పర్వాలేదు, చారులోకి వస్తుంది.

మీకు శనివారం రాత్రి అయ్యేసరికి నేను కొండ మీద ఉంటాను, అక్కడ సిగ్నల్ ఉండదు. ఫోన్ ఎత్తకపోతే టెన్షన్ పడొద్దు. ఆదివారం పొద్దున మీరు లేచేసరికి నేనే చేస్తాను.

మీ
చిన్ని