ఎన్‌సీసీ విద్యార్థికి హాజరు కోతా?

సంపాదకులకు నమస్కారం.

సైన్యంలో అధికారి కావాలంటే చిన్ననాడే సైనిక్ స్కూల్లో చేరాలనీ, లేదంటే ఇంటర్ తర్వాత ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ప్రవేశ పరీక్ష గట్టెక్కాలనీ మన తల్లిదండ్రుల్లో చాలామంది నమ్ముతున్నారు. ఏ ఉపకార వేతనమూ లేకుండా, మామూలు డిగ్రీ కళాశాలలో చదువుకుంటూనే ఆ కొలువుకు వెళ్లే దారి కూడా ఉంది. ఎన్‌సీసీ (నేషనల్ కేడెట్ కోర్) ‘సీ’ సర్టిఫికెట్‌లో కనీసం ‘బీ’ గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్న 19-25 ఏళ్ల అవివాహిత యువతీ యువకులు సైనికాధికారుల ఎంపికకు జరిపే సీడీఎస్ రాతపరీక్షతో పని లేకుండా ‘స్పెషల్ ఎంట్రీ’ నియామకానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే రాతపరీక్ష లేదు కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఐదు రోజుల పాటు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) జరిపే ఎంపికలోనే అభ్యర్థుల్లో అత్యధికులు వెనుదిరుగుతారు. వైద్య పరీక్షలు కూడా దాటి తుది జాబితాకెక్కినవారికి చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో 49 వారాల శిక్షణ, ఆ కాలంలో నెలకు రూ.56,100 స్టైపెండ్ లభిస్తాయి.

ఇంత విలువైన అవకాశానికి కళాశాలలే అడ్డుపడటం బాధాకరం. మా పట్టణంలో బీకాం చదివే ఒక అమ్మాయి, శనివారం పరేడ్ కోసం ముందురోజు రాత్రే బూట్లకు పాలిష్, బెల్టు బకిల్‌కు బ్రాసో పట్టించి సిద్ధమయ్యే అమ్మాయి, సర్టిఫికెట్‌కు తప్పనిసరైన పది రోజుల శిబిరానికి వెళ్లివస్తే ఆ రోజులన్నీ గైర్హాజరుగా రాశారు. శిబిరాల కాలాన్ని హాజరుగా లెక్కించి, తప్పిన ఇంటర్నల్ పరీక్షలను మళ్లీ పెట్టాలని విశ్వవిద్యాలయాలు కళాశాలలకు స్పష్టమైన ఉత్తర్వులివ్వాలి. స్పెషల్ ఎంట్రీ ప్రకటన వెలువడిన ప్రతిసారీ ప్రిన్సిపాళ్లు దానిని తెలుగులో నోటీసు బోర్డుపై పెట్టించాలి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం