వార్షిక నివేదిక: ప్రచార బృందం, డెవలపర్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఉత్తరాలు, లెక్కల పట్టికలు తయారుచేసుకునే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌కు ఏడాదికి రెండు పెద్ద విడుదలలు. ఒకటి ఫిబ్రవరి ప్రాంతంలో, రెండోది ఆగస్టులో. మన సంఘం పనులన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. కాలేజీల్లో పరిచయ తరగతులు, తెలుగు అనువాదం ఎప్పటిలాగే సాగాయి. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది డెవలపర్లతో మన ప్రచార బృందం మాట్లాడే తీరు గురించి.

మొదటి విడుదలప్పుడు మేం పొరపాటు చేశాం. ఒక కొత్త సదుపాయం వస్తోందని కరపత్రంలో గొప్పగా రాశాం. అది తర్వాతి వెర్షన్‌కు వాయిదా పడిందని అచ్చయ్యాక తెలిసింది. డెవలపర్లు ఏమీ దాచలేదు, లోపాలు, మార్పులు నమోదుచేసే బగ్ పేజీలో రాసే పెట్టారు. అక్కడ చూడాలని గానీ, అచ్చుకు ముందు కరపత్రం వాళ్లకు చూపించాలని గానీ మాకు తట్టలేదు. కట్టలకు కట్టలు వృథా అయ్యాయి, ఆ వారమంతా టెన్షనే.

లిబ్రెఆఫీస్‌లోనే 2020 జులైలో ఇంతకంటే పెద్ద గందరగోళం జరిగింది. 7.0 పరీక్షా ప్రతిలో ‘పర్సనల్ ఎడిషన్’ అన్న మాట కనిపించింది. అది లిబ్రెఆఫీస్ ప్రచార ప్రణాళికలోంచి వచ్చిందని చాలామందికి తెలియదు. ఇక డబ్బు కట్టాలేమోనని కంగారుపడ్డారు. లైసెన్సు మారదని లిబ్రెఆఫీస్‌ను నడిపే సంస్థ డాక్యుమెంట్ ఫౌండేషన్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తుది 7.0లో ఆ మాట లేదు. 2021 ఫిబ్రవరిలో 7.1కు ‘కమ్యూనిటీ’ అన్న మాట చేర్చారు.

రెండో విడుదలకు పద్ధతి మార్చాం. ఫీచర్ ఫ్రీజ్ రోజు నుంచే, అంటే ఇక కొత్త సదుపాయాలు చేర్చరు అన్న రోజు నుంచే, పని మొదలుపెట్టి, బీటా (పరీక్షా ప్రతి) వేసుకుని చూశాం. రాయదలచుకున్న ప్రతి అంశం మీదా డెవలపర్‌ను ఒకటే అడిగాం: “ఇంతకు ముందు ఇది ఎవరిని ఇబ్బంది పెట్టేది?” కొత్త వాలంటీర్లకు ఈ పని నేర్పడానికి 2017 నాటి 5.3 వెర్షన్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. అందులో అన్ని సిస్టమ్‌లకూ హార్ఫ్‌బజ్ (అక్షరాలను, ఒత్తులను అమర్చే సాఫ్ట్‌వేర్) ఆధారిత లేఅవుట్ వచ్చింది. ఆ మాట చెబితే తెలుగు టీచర్‌కు ఏం తెలుస్తుంది? అదే ఫాంట్ ఉంటే విండోస్‌లో టైప్ చేసిన ‘స్త్రీ’లో ఒత్తులు లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ అలాగే అమరుతాయని చెబితే వెంటనే అర్థమవుతుంది. ఆ వాక్యం డెవలపర్‌ను అడిగితేనే పుడుతుంది, నా నమ్మకం అదే.

తరగతుల్లో విన్న ఇబ్బందులు డెవలపర్లకు చేర్చడంలో ఇంకా వెనకబడే ఉన్నాం. “తెలుగు సరిగా రావట్లేదు” అని రాస్తే వాళ్లేం చేయగలరు? వెర్షన్, సిస్టమ్, ఫాంట్ పేరు, నమూనా ఫైలు జతచేయాలి. ఈ పని చూసుకోగలిగిన సభ్యులు వచ్చే ఫీచర్ ఫ్రీజ్‌కు ముందే కార్యదర్శికి పేరు ఇవ్వండి.