వాటర్ పంపు మార్పిడిలో తోడు నిలిచిన వారికి కృతజ్ఞతలు

నా కారు ఇంజనుకు, దాన్ని చల్లబరిచే కూలెంట్ ద్రవాన్ని తిప్పే కొత్త వాటర్ పంపు అమర్చే పని గత వారం పూర్తయింది. ఇప్పుడు ఎంత దూరం నడిపినా టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలుస్తోంది, బండి కింద ఒక్క చుక్క కూడా పడటం లేదు. నా ప్రశ్నలకు ఓపికగా బదులిచ్చిన మిత్రులందరికీ, రెండు రోజులూ ఫోనులో అందుబాటులో ఉండి ప్రతి దశనూ వివరించిన మెకానిక్ గారికి హృదయపూర్వకంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

కూలెంట్ తగ్గుతూ రావడం చూసి రేడియేటర్ గొట్టం కారుతోందని నేను మొదట అనుకున్నాను. పంపు అడుగున ఉండే చిన్న రంధ్రాన్ని టార్చి వేసి చూడమని చెప్పినది మెకానిక్ గారే. లోపలి సీలు అరిగినప్పుడు ఆ సంగతి బయటికి తెలియడానికే ఆ రంధ్రం పెడతారని, బేరింగు కూడా పాడయ్యేలోపే పంపు మార్చడం మంచిదని ఆయన వివరించారు.

నా కారులో ఇంజన్ అడ్డంగా అమరి ఉంటుంది. పంపు టైమింగ్ బెల్టు (పిస్టన్లు, వాల్వుల కదలికలను జత కలిపే పళ్ల బెల్టు) వెనుక, బాడీ గోడకు ఆనుకున్నట్టుగా ఉండటం వల్ల అక్కడికి చేయి దూర్చడమే కష్టం. ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ దింపి, బరువంతా ఒకేచోట పడి ఆయిల్ పాన్ నొక్కుకుపోకుండా జాకీ మీద మందపాటి చెక్క వేసి, ఇంజనుకు ఆ ఆధారం ఇచ్చిన తర్వాతే పంపు వైపు ఇంజనును బాడీకి పట్టి ఉంచే మౌంటు విప్పాను. పంపు బోల్టులన్నీ వచ్చాయి గాని, చివరిదానికి సాకెట్ పట్టే చోటే లేక గంటకు పైగా అవస్థ పడ్డాను. జాకీని రెండు వేళ్ల మందం దింపి చూడమని ఆయన చెప్పారు; అలా దింపగానే బోల్టు తల ఎదురుగా కనిపించింది. ఆ ఒక్క మాట నాకు రాత్రంతా పట్టే శ్రమను తప్పించింది.

అంతకంటే పెద్ద మేలు బెల్టు విషయంలో జరిగింది. కూలెంటుతో తడిసిన పాత బెల్టును మళ్లీ వాడవద్దని, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్ కూడా ఇప్పుడే మార్చమని ఒక మిత్రుడు ముందే హెచ్చరించారు. కొత్త బెల్టు ఎక్కించాక, తాళం తిప్పే ముందు క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) పానాతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పమని మెకానిక్ గారు పట్టుబట్టారు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరుగుతుంది గనుక వాటి బెల్టు చక్రాల మీది గుర్తులన్నీ తిరిగి మొదటి చోటికే రావాలి. నా క్యామ్ గుర్తు ఒక పన్ను పక్కకు వచ్చింది. ఒక్క పన్ను తేడాకే ఇంజన్ నడక చెడుతుంది. తేడా మరీ ఎక్కువైతే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోయే రకం ఇంజన్ ఇది. బెల్టు విప్పి మళ్లీ సరిగ్గా ఎక్కించి, మరో రెండు చుట్లు తిప్పి చూశాకే నా మనసు కుదుటపడింది.

కూలెంట్ నింపి, హీటర్ తెరిచి గాలి పోనిచ్చినా మరునాటి ఉదయం ట్యాంకులో మట్టం కొద్దిగా తగ్గింది. చిక్కుకున్న గాలి వల్ల అలా జరుగుతుందని ముందే విని ఉండటంతో కంగారు పడకుండా, ఇంజన్ చల్లగా ఉండగానే గీత వరకు పోశాను. ఆ తర్వాత మట్టం ఆ గీత దగ్గరే నిలిచింది.

బోల్టులను కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్ ఇచ్చి ఆదుకున్న మిత్రునికి ప్రత్యేక ధన్యవాదాలు. దానిని శుభ్రంగా తుడిచి పెట్టెలో సర్ది ఉంచాను. ఆదివారం స్వయంగా తెచ్చి ఇస్తాను.