వార్షిక నివేదిక: ఉగాది అష్టావధానం, తెర వెనక పని

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక సభ్యుల చేతికి అందాలని నియమావళి చెబుతోంది కనుక ఇది. పిల్లల తెలుగు తరగతులు, నెలవారీ పద్య పఠనం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి సంగతులు నెలనెలా పంపిన ఉత్తరాల్లో ఉన్నాయి. ఉగాదికి హాలు కావాలని పెట్టిన అర్జీకి మాత్రం ఈ రోజుకీ జవాబు లేదు. వెళ్లిన ప్రతిసారీ సంబంధిత అధికారి సీట్లో లేరనే చెప్పారు. అందుకే అష్టావధానం, అంటే ఎనిమిది మంది పృచ్ఛకులు (ప్రశ్నలు వేసేవారు) పెట్టే పరీక్షలకు అవధాని గారు ఒకే సభలో ఆశువుగా బదులిచ్చే ప్రక్రియ, జూమ్ మీదికి ఎక్కింది. ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోగలిగింది అదే కాబట్టి ఈ నివేదికలో సింహభాగం దానిదే.

అవధానం చూసినవారికి కొత్తగా చెప్పక్కర్లేదు, అక్కడ అంతా చెవితోనూ ధారణతోనూ (చెప్పిన పద్యాలన్నీ గుర్తుంచుకుని చివర్లో అప్పజెప్పడం) నడుస్తుంది. ప్రేక్షకులకు తెర మీద చూపాల్సింది, అవధాని గారి కంట పడకూడనిది ఒక్కటే: పూర్తవుతున్న పద్యం. అది ఆయన తెర మీద కనిపిస్తూ ఉంటే చివర్లో ధారణకు అర్థమే లేదు. జూమ్‌లో ఒకరు షేర్ చేస్తే సభలో ఉన్న అందరికీ కనిపిస్తుంది, ఒక్కరిని మినహాయించే మీట లేదు. అందుకని అవధాని గారింట్లో ల్యాప్‌టాప్‌కు ఇంకో మానిటర్ తగిలించి, సెట్టింగ్స్‌లో జనరల్ కింద ‘యూజ్ డ్యుయల్ మానిటర్స్’ పెట్టాం. అప్పుడు మనుషుల ముఖాలు ఒక తెర మీద, షేర్ అయినది ఇంకో తెర మీద పడతాయి. షేర్ పడిన మానిటర్‌ను గోడవైపు తిప్పేశాం. చాట్ కూడా మూసేశాం, లేకపోతే ఉత్సాహవంతులు పూరణ మొత్తం అందులో టైపు చేసేస్తారు.

షేరింగ్ అనుమతుల గురించి. షేర్ స్క్రీన్ బటన్ పక్క బాణం నొక్కితే ‘అడ్వాన్స్‌డ్ షేరింగ్ ఆప్షన్స్’ వస్తుంది. ఎవరు షేర్ చేయవచ్చన్న చోట ‘హోస్ట్ ఓన్లీ’ పెట్టాం. అలా పెట్టినా కో-హోస్ట్‌లు (సభ నడపడంలో హోస్ట్‌కు తోడుండేవారు) షేర్ చేయగలరు. ఒకేసారి ఎందరన్న చోట ఒక్కరే అని ఉంచాం. పృచ్ఛకులంతా తమ తమ కాగితాలు చూపిస్తామని అడిగారు గానీ, పలువురు ఒకేసారి షేర్ చేస్తే ఒకే తెర ఉన్నవాళ్లకు ముందుగా కనిపించేది చివర షేర్ చేసినవారిదే. మన సభ్యుల్లో చాలామంది ఫోన్లలో చూసేవాళ్లే కదా. కాబట్టి సమస్య (పూరించమని ఇచ్చే పద్యపాదం), దత్తపది పదాలు (పద్యంలో వాడమని ఇచ్చేవి), వర్ణనాంశం ముందే తెప్పించుకుని ఒక్క చోటి నుంచే చూపించాం. షేర్ మొదలయ్యాక పైన కనిపించే పట్టీలో ‘మోర్’ కింద పాల్గొనేవారి ఆనొటేషన్ (షేర్ మీద గీతలు గీసే వీలు) ఆపేయడం మరిచిపోకూడదు. రిహార్సల్లో ఎవరి వేలో తగిలి పద్యం మీద ఎర్రగీత పడింది.

నిషిద్ధాక్షరి దగ్గరే అసలు కష్టం. అవధాని గారు ‘శ్రీ’ అంటారు, పృచ్ఛకులు తర్వాతి అక్షరం ‘ర వద్దు’ అంటారు, ఆయన వేరే అక్షరానికి వెళతారు. నిషేధించిన అక్షరం పైవరసలో ఎరుపులో, చెప్పిన అక్షరం కిందివరసలో నలుపులో చూపాలని అనుకున్నాం. తెలుగు టైపు చేసేటప్పుడు ‘క్ష’ వచ్చేలోగా తెర మీద ‘క్’ కనిపిస్తుంది, చూసేవాళ్లు దాన్నే పట్టుకుని పొల్లు పడిందనుకుంటారు. దీనికి విరుగుడు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లోని ‘పోర్షన్ ఆఫ్ స్క్రీన్’. అది తెర మీద ఒక చట్రం గీస్తుంది, చట్రంలో ఉన్నంత మేరే బయటికి వెళుతుంది. చట్రం కింద అక్షరం టైపు చేసి, పూర్తయ్యాక కత్తిరించి చట్రంలోకి అతికించాం. టైపు చేసే చోటు, వాట్సాప్, ఫైళ్లు ఏవీ జనానికి కనిపించలేదు. ఫైలు మార్చాల్సి వస్తే ‘పాజ్ షేర్’, విండోస్‌లో ఆల్ట్, టీ కలిపి నొక్కితే చాలు. చూసేవారికి పాత బొమ్మే నిలిచి ఉంటుంది. మళ్లీ అదే నొక్కడం మరిచిపోతే అలా నిలిచే ఉంటుంది, అది వేరే సంగతి.

అక్షరాలు అలికినట్టు కనిపించాయని మొదటి రిహార్సల్లో అందరూ అన్నారు. షేర్ పెట్టెలో ‘ఆప్టిమైజ్ ఫర్ వీడియో క్లిప్’ టిక్ పెట్టి ఉండడమే కారణం. అది కదలిక సాఫీగా ఉండడం కోసం స్పష్టతను తగ్గిస్తుంది. తెలుగులో ముందు దెబ్బ తినేవి ఒత్తులే, ‘గ్ర’కూ ‘గ్గ’కూ తేడా పోతుంది. ఆ టిక్ తీసేసి, స్లైడుకు ఒక్క పద్యం, నాలుగు పాదాలు, 40 పాయింట్లకు తగ్గని అక్షరాలు, తెల్ల నేపథ్యం అని నియమం పెట్టుకున్నాం. పద్యం పేజీ కదలదు కనుక సెట్టింగ్స్‌లో షేర్ స్క్రీన్, అడ్వాన్స్‌డ్ కింద సెకనుకు 10 ఫ్రేములకు మించకుండా కట్టడి చేశాం, పాత ల్యాప్‌టాప్ వేడెక్కకుండా నడిచింది. పవర్‌పాయింట్ తెర మొత్తం ఆక్రమించకుండా ‘సెటప్ స్లైడ్ షో’లో ‘బ్రౌజ్డ్ బై యాన్ ఇండివిడ్యువల్’ ఎంచుకుని, ఆ విండో ఒక్కదాన్నే షేర్ చేయాలి.

ప్రార్థన గీతం రికార్డింగ్‌కు ‘షేర్ సౌండ్’ టిక్ పెట్టాలి. పెట్టకపోతే ఆడించేవారికి తప్ప ఎవరికీ వినపడదు. వీడియో లేకుండా పాట ఒక్కటే కావాలంటే అడ్వాన్స్‌డ్‌లో కంప్యూటర్ ఆడియో ఉంది.

ఘంటానాదం మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది. మధ్యమధ్య కొట్టే గంట ఎన్నిసార్లు మోగిందో అవధాని గారు చివర్లో లెక్క చెప్పాలంటే ముందు ఆ మోత అవతలికి చేరాలి. రణగొణధ్వనిని వడకట్టే సదుపాయం గంటనూ చప్పుడు కిందే లెక్కగట్టి తీసేస్తుంది. నాలుగు కొడితే రెండు వినపడ్డాయి. ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఎంచుకుని, ‘హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్’ టిక్ పెట్టి, సభలో పైన ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయాలి. ఇది గంట కొట్టేవారి యంత్రంలో చేయాల్సిన పని, హోస్ట్ దగ్గర ఎంత నొక్కినా లాభం లేదు. అప్పుడు ప్రతిధ్వని అణిచే ఏర్పాటు పని చేయదు కనుక వారు హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాల్సిందే. ఇత్తడి గంటను మైకుకు మూరెడు దూరంలో కొట్టిస్తే సరిపోయింది.

మ్యాక్ ఉన్న కో-హోస్ట్‌లకు ఒక మాట. ప్రైవసీ సెట్టింగ్స్‌లో స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇస్తే జూమ్‌ను మూసి తెరవాలి, అంటే సభ మధ్యలో మీరు బయటికి వెళ్లినట్టే. ముందు రోజే చూసుకోండి. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న విండోస్ ల్యాప్‌టాప్‌లో షేర్ నల్లగా వస్తే సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో జూమ్‌ను చేర్చి ‘పవర్ సేవింగ్’ పెట్టి చూడండి.

ధారణ మొదలుపెట్టేసరికి షేర్ పూర్తిగా ఆపేశాం. తెర నిండా అవధాని గారి ముఖమే. వరసగా పద్యాలన్నీ అప్పజెప్పి, గంటల లెక్కతో ముగించారు.

ఇక ధన్యవాదాలు. అవధాని గారికి, పృచ్ఛకులకు, అప్రస్తుత ప్రసంగంతో (అవధాని దృష్టి మళ్లించే కబుర్లు) రెండు గంటలు నవ్వించిన పెద్దలకు, మానిటర్ అరువిచ్చిన ఉపాధ్యక్షుల వారికి, అక్షరం తప్పకుండా టైపు చేసిన చిరంజీవికి, గంట కొట్టిన అమ్మాయికి, వాళ్ల ఇంటి ఇత్తడి గంటకూ కృతజ్ఞతలు. సాంకేతిక బృందంలో పేర్లిచ్చినవారు చాలామందే ఉన్నారు. మూడు రిహార్సల్స్‌కూ వచ్చింది ఇద్దరే. మిగతావారు సభ అయ్యాక గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టారు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు, ఆడిటర్ సంతకం అయింది. జూమ్ చందా ఎందుకని అడిగినవారికి: ఉచిత ఖాతాలో సభ 40 నిమిషాలకే తెగిపోతుంది, అవధానం అంతలో తేలదు.

హోస్ట్ కీ (సభలో హోస్ట్ హక్కులు తీసుకునేందుకు వాడే సంఖ్య) ఆరంకెలది, కొత్త కార్యవర్గానికి సీలు కవరులో ఇస్తున్నాను. వచ్చే ఉగాదికి టైపు చేసేవారు ఒకరు, షేర్ నడిపేవారు ఇంకొకరు కావాలి. పేర్లు ఇప్పుడే ఇవ్వండి, ఇచ్చినవారు రిహార్సల్‌కు కూడా రండి.

ఇట్లు,
కార్యదర్శి