విలీనం గురించి ఉద్యోగులకూ నోటీసు ఇవ్వాలి: కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మా సంఘం పంపిన వినతిపత్రాలకు, అవి అందినట్టు రసీదులే తప్ప సమాధానం రాలేదు కనుక, అదే విషయాన్ని ఇప్పుడు అందరి ముందూ మీకు విన్నవించుకుంటున్నాను.

రెండు కంపెనీలు విలీనం కావాలంటే కంపెనీల చట్టం, 2013లోని 230వ సెక్షన్ కింద వాటాదారులకు, రుణదాతలకు నోటీసు వెళుతుంది. ఆదాయపు పన్ను శాఖకు, కంపెనీల రిజిస్ట్రార్‌కు, అవసరమైతే రిజర్వ్ బ్యాంకుకు, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి కూడా వెళుతుంది, వారు అభిప్రాయం చెప్పడానికి 30 రోజుల గడువూ ఉంటుంది. ఆ సెక్షన్ పేర్కొన్నవారిలో ఉద్యోగి మాత్రం లేడు. మా కంపెనీ మరో కంపెనీలో కలుస్తోందని మేము పత్రికల్లో చదివి తెలుసుకున్నాం.

అప్పటినుంచి మాకు స్థిమితం లేదు. రెండు అకౌంట్స్ విభాగాల్లో చివరికి ఒకటే మిగులుతుందని అందరికీ తెలుసు, ఏది మిగులుతుందో చెప్పేవారు లేరు. అడిగితే ఇంకా నిర్ణయం కాలేదంటారు. ఆ వెంటనే అవతలి కంపెనీవారికి మా పనంతా నేర్పమంటారు. నేర్పితే మా అవసరం తీరిపోతుందేమోనన్న భయం, నేర్పకపోతే సహకరించలేదన్న ముద్ర. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవారే, తొలగింపు జాబితాలో ఎవరి పేరుందోనని ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోలేకపోతున్నారు. ప్రసూతి సెలవు పెట్టబోయే సహోద్యోగినులు, తిరిగొచ్చేసరికి తమ ఉద్యోగం ఉంటుందో లేదో తెలియక సెలవు తేదీలు చెప్పడానికే జంకుతున్నారు. బయట అవకాశాలున్నవారు ముందే వెళ్లిపోయారు, వారి పనీ మామీదే పడింది. ఉద్యోగం పోతుందని సూటిగా చెప్పినా ఏదో ఒక దారి వెతుక్కునేవాళ్లం. ఏదీ చెప్పకుండా నెలల తరబడి నాన్చడమే మమ్మల్ని కుంగదీస్తోంది.

సంస్థ మరో యాజమాన్యం చేతికి వెళ్లినప్పుడు కార్మికుడి సర్వీసు తెగినా, ఉద్యోగ షరతులు తగ్గినా పరిహారం ఇవ్వాలన్న నియమం పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25ఎఫ్ఎఫ్ సెక్షన్‌లో ఉండేదనీ, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అది కొనసాగిందనీ మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ అది మేనేజర్లకు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం అందుకునే సూపర్‌వైజర్లకు వర్తించదు, కార్మికులకు కూడా విలీనం గురించి ముందస్తు సమాచారం పొందే హక్కునివ్వదు. యూరోపియన్ యూనియన్‌లో 2001 నాటి ఆదేశం ప్రకారం, సంస్థ చేతులు మారడం ఎందుకో, దాని ప్రభావం ఉద్యోగులపై ఎలా ఉంటుందో వారి ప్రతినిధులకు ముందుగానే తెలియజేయాలి. ఇక్కడ అది ఎందుకు సాధ్యం కాదో మాకు అర్థం కావడం లేదు.

అయ్యా, రుణదాతకు ఇచ్చే నోటీసు ఉద్యోగికీ ఇప్పించండి. ఎవరిని ఉంచుతారో, ఎవరిని పంపుతారో, పాత సర్వీసు లెక్కలోకి వస్తుందో రాదో విలీనానికి ముందే కాగితం మీద పెట్టించండి. మా వినతిపత్రాలకు ఈసారైనా రాతపూర్వకంగా జవాబివ్వండి.

భవదీయుడు,
విలీనమవుతున్న ఒక కంపెనీ ఉద్యోగి