పాత మిద్దె, సాయంత్రపు బడి: మన సంఘం 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

పాత గుంటూరులోని మన మిద్దెను సర్కారు బడి పిల్లల సాయంత్రపు చదువుకు పనికొచ్చేలా బాగుచేద్దామని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో, మీరిచ్చిన డబ్బు ఎటు పోయిందో చెప్పుకోవడానికే ఈ నివేదిక. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం, అంకెలు అక్కడ చూసుకోండి. ఆ అంకెల వెనక ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

మిగతా కార్యక్రమాల సంగతి ముందే రెండు ముక్కల్లో. చలివేంద్రం వేసవంతా నడిచింది. వినాయక చవితి మట్టి విగ్రహంతోనే చేశాం. కళ్ల పరీక్షల శిబిరం ఈసారి పెట్టలేకపోయాం. పెట్టాల్సిన మనుషులందరూ మిద్దె మీదే ఉన్నారు.

కొత్తగా చేరిన సభ్యుల కోసం కొంచెం వెనక్కి వెళతాను. మన వీధుల్లో చాలామంది తల్లులు మిర్చి తొడిమలు తీసే పనికి వెళతారు. యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే జనవరి నుంచి మే దాకా వాళ్లు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. పదో తరగతి పరీక్షలు పడేది కూడా సరిగ్గా అప్పుడే. బడి వదిలాక పిల్లలు తాళం వేసిన ఇంటి ముందు కూర్చుంటారు, లేదా వీధిలో ఉంటారు. వాళ్లకు ఒక గది, ఒక లైటు, చదువు చెప్పే ఒక పెద్దమనిషి కావాలి. మనకు రాసిచ్చిన మిద్దె ఏళ్ల తరబడి పావురాలకు నెలవుగా ఉంది. రెంటినీ కలపాలన్నదే ఆలోచన. (ఇల్లు రాసిచ్చిన కుటుంబం తమ పేరు ఎక్కడా వేయవద్దని మళ్లీ చెప్పారు, అందుకే వేయలేదు.)

పడగొట్టి కొత్తది కట్టేస్తే పోలేదా అని అడిగినవాళ్లున్నారు. కడితే నిబంధనల ప్రకారం స్థలం చుట్టూ వదలాల్సినంత వదిలాక మిగిలేది ఇప్పుడున్న హాలులో సగం కూడా ఉండదు. పైగా గోడలు నిక్షేపంగా ఉన్నాయి. గుంటూరు నల్లరేగడి మీద కట్టిన ఇల్లు ఇది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, దాంతో పునాదులు కదులుతాయి. ఇన్నేళ్లుగా అంత కదలికనూ తట్టుకుని ఒకే ఒక్క చోట, వాయవ్య మూల, గోడ చీలింది. సున్నంతో కట్టిన గోడకు కొంచెం సాగే గుణం ఉంటుందని మన సభ్యుడైన రిటైర్డు ఇంజనీరు గారు చెప్పారు. అలాంటి గోడను పోగొట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు, కమిటీకీ ఒప్పలేదు.

ఖర్చులో సగానికి పైగా కప్పుకే పోయింది. ఇది మద్రాసు మిద్దె. దూలాల మీద దంతెలు (సన్నటి అడ్డకర్రలు), దంతెల మీద పలచటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఐమూలగా పేర్చి, దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి వేసి, రోజుల తరబడి కొయ్యలతో బాదుతారు. బాదేటప్పుడు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతారు. ఇప్పుడు ఈ పని తెలిసిన మేస్త్రిని వెతకడమే ఒక పని అయింది. దొరికినాయన టేకు దూలాలను సుత్తితో తట్టి చూసి "ఇవి మనకన్నా బతుకుతాయండీ" అన్నాడు. తెగులంతా దంతెల చివరల్లో ఉంది. గోడలోకి దూరిన చోట చెమ్మ పట్టి, చెదలు తిని, చేత్తో నలిపితే పొడి రాలింది. పుచ్చిన వాటిని తీసి కొత్త కర్ర వేయించాం.

ఆ చెమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్నది మనం సిగ్గుపడాల్సిన సంగతి. కొన్నేళ్ల కిందట మన కమిటీయే, అందులో నేనూ ఉన్నాను, గోడలు పెచ్చులూడుతున్నాయని సున్నం పూత గీకించి సిమెంటు పూత పెట్టించింది. చూడటానికి నున్నగా వచ్చింది, చప్పట్లు కొట్టుకున్నాం. సున్నపు గోడ పీల్చిన తడిని తన ఒంట్లోంచే గాలికి వదిలేస్తుంది. మనం బయటివైపు సిమెంటుతో మూసేశాం. తడికి బయటికి దారి లేక గోడలోనే నిలిచిపోయింది, దంతెల దాకా చేరింది. ఈ ఏడాది చేసిన మొదటి పని, అప్పుడు డబ్బు పెట్టి వేయించిన ఆ పూతను మళ్లీ డబ్బు పెట్టి గీకించడం. పిడుగురాళ్ల నుంచి సున్నం తెప్పించి, గుంటలో నానబెట్టి, ఇసుకతో కలిపి వేయించాం. రాష్ట్రంలో 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే. లోడింగుకు, లారీకి అయిన ఖర్చు పట్టికలో ఉంది, చూసి ఆశ్చర్యపోవద్దు.

సున్నానికి నిదానంగా ఆరడం ముఖ్యం. మనం పని పెట్టుకున్నది రోళ్లు పగిలే రోహిణి కార్తెలో. బడులకు సెలవులు అప్పుడే, మేస్త్రికి తీరికా అప్పుడే. పొద్దున వేసిన పూత మధ్యాహ్నానికి వెంట్రుకవాసి బీటలు తీస్తుంటే, తడి గోనెలు కప్పాలన్నాడు మేస్త్రి. గుంటూరులో ఖాళీ గోనెలకు కరువేముంది? యార్డు దగ్గర ఒక సభ్యుడు ఆటో నిండా పంపారు. వాటిని నీళ్లలో ముంచగానే గోతాల్లోని కారం లేచింది. ఆ రోజు మిద్దె మీద తుమ్మనివాడు లేడు, కళ్లు నలుపుకున్నవాడి గతి చెప్పనక్కర్లేదు. మూడుసార్లు జాడించాక కానీ పని సాగలేదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. అప్పుడు కప్పుకు అసలు పరీక్ష వచ్చింది. మర్నాడు పొద్దున్నే టార్చిలైటుతో వెళ్లి చూశాం. ఒక్క మూల, నీళ్లు కిందికి దిగే గొట్టం దగ్గర, చిన్న తడి మరక ఉంది. మిగతాదంతా పొడి. గొట్టంలో ఇరుక్కున్న పావురం గూడు తీశాక ఆ మరకా ఆరిపోయింది.

ఇక విరాళాల సంగతి. ఇది కాస్త ఘాటుగా రాస్తున్నాను, పెద్దమనసుతో చదవండి. ఫ్యాన్లు ఇస్తామని వచ్చినవాళ్లు మిద్దెలో ఉన్న కొక్కేల కన్నా ఎక్కువమంది. ప్రతి ఫ్యాను రెక్క మీదా పేరు రాయించాలి. మన గుళ్లలో ట్యూబులైటు మీద దాత పేరు ఎంత పెద్దగా ఉంటే వెలుగు అంత తగ్గుతుంది కదా, ఇదీ అంతే. దంతె చివరకు, మరుగుదొడ్డి గొట్టానికి, గోడలోని సున్నానికి పేరు రాసే చోటు లేదు, కాబట్టి వాటికి ఇచ్చేవాళ్లూ లేరు. ఇదే ఊళ్లో 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ గారు, లక్ష్మీబాయమ్మ గారు ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం నిలబెట్టారు. చదువుకు చందా ఎత్తడం గుంటూరుకు కొత్త కాదు. అందుకని కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. వస్తువుకు కాదు, పనికే విరాళం. పేర్లన్నీ అక్షర క్రమంలో, ఒకే సైజులో, ఒకే బోర్డు మీద, మొత్తాలు లేకుండా. దీనికి ఇద్దరు అలిగారు. ఒకరు తిరిగి వచ్చారు.

రసీదుల గురించి అడిగినవారికి: మనకు 80జీ గుర్తింపు ఉంది. అయితే 2000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. చెక్కు గానీ యూపీఐ గానీ వాడండి. ఇటుకలు, సిమెంటు బస్తాలు ఇచ్చినవారికి కృతజ్ఞతలే తప్ప 80జీ రసీదు ఇవ్వలేం, వస్తు రూపంలో ఇచ్చిన దానికి ఆ మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఎలా ఇచ్చినా రాదు. 2023–24 నుంచి ఎంచుకోకపోయినా అందరూ పడేది ఆ కొత్త విధానంలోనే. మార్చి నెలాఖరులో మన దగ్గరికి పరుగెత్తుకొచ్చే దాతలు తగ్గడానికి ఇదీ ఒక కారణమని కోశాధికారి గారి అభిప్రాయం.

అమెరికా నుంచి వచ్చిన ఒక పెద్ద మొత్తాన్ని వెనక్కి పంపాం. దీని మీద వీధిలో చాలా మాటలు నడిచాయి కాబట్టి వివరంగా చెబుతాను. విదేశంలో ఉన్నా పాస్‌పోర్టు భారతదేశానిదైతే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే మనం తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక మాత్రం, ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, దిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. మనకు ఆ రెండూ లేవు. పంపిన బాబు మన కళ్ల ముందు పెరిగినవాడే. వాళ్ల నాన్నగారు "మా పిల్లాడి డబ్బు మీకు చేదయిందా" అన్నారు. ఆయన ఇంటికి వెళ్లి, కాఫీ తాగి, నియమం చదివి వినిపించి వచ్చాను. ఇప్పుడు ఆయనే వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. ఆ డబ్బు కన్నా ఇదే మనకు ఎక్కువ కలిసొచ్చిందని నేననుకుంటున్నాను.

ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల కోసం కూడా ప్రయత్నించాం. నికర లాభం 5 కోట్లు లేదా అంతకు మించి ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. మనం అందుకోవాలంటే కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్‌–1 అనే ఫారంతో నమోదు కావాలి. అది ఈ ఏడాది పూర్తయింది, డబ్బు మాత్రం ఇంకా రాలేదు.

మనది బడి కాదు, కాబట్టి విద్యాహక్కు చట్టం షెడ్యూలు మనకు వర్తించదు. అయినా దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాం. మగపిల్లలకు, ఆడపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు పూర్తయ్యాయి. నడవలేని పిల్లలు కూడా లోపలికి రాగలగాలన్నది మిగిలింది. మన అరుగు రెండడుగుల ఎత్తు. ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు కావాలంటే 24 అడుగుల ర్యాంపు అవుతుంది. వీధివైపు అంత చోటు లేదు. మధ్యలో మలుపు తిప్పి, తూర్పు అరుగు కోస్తే సరిపోతుంది. అరుగు కోయడానికి పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. పొద్దుటి పేపరు అక్కడే చదువుతారు మరి. పడమటి అరుగు వారికే వదిలేస్తాం అన్న హామీతో ఈ సమావేశంలో దీన్ని తేల్చాలి.

పై అంతస్తు ఎందుకు వాడటం లేదని పదేపదే అడుగుతున్నారు. మేడకు ఉన్నది ఒకే ఒక్క చెక్క మెట్లు. 2004లో కుంభకోణం బడి మంటల్లో 94 మంది పిల్లలు పోయారు. దాని తర్వాతే 2009లో బడుల్లో అగ్నిమాపక భద్రత గురించి సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. రెండో మెట్లు కట్టేదాకా పైన బెంచీలు, గోతాలు తప్ప పిల్లలు ఉండరు. కింద హాలుకు వెనకవైపు రెండో తలుపు తెరిపించాం. చదువు జరిగే వేళ దానికి తాళం వేయకూడదు. వాచ్‌మన్‌కు చెప్పాను, మీరూ చెప్పండి.

డిసెంబరు నుంచి సాయంత్రం తరగతులు మొదలయ్యాయి. పురపాలక బడుల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది కాబట్టి అటు విద్యాశాఖకు, ఇటు కార్పొరేషన్‌కు రెండు వైపులా ఉత్తరాలు పెట్టుకున్నాం. ప్రధానోపాధ్యాయులు సహకరించారు, సైన్సు కిట్లు వాడుకోనిచ్చారు. శంకర్ విలాస్ వంతెనను కొత్తది కట్టడానికి మూసేశాక, అరండల్‌పేట నుంచి పుస్తకాలు తేవడానికి 'మూడు వంతెనలు' అనే చోటి వైపు తిరిగి రావాల్సి వచ్చింది. ఒక సభ్యుడు స్కూటరు మీద నాలుగు విడతల్లో చేరవేశారు. పెట్రోలు బిల్లు పెట్టమంటే నవ్వి ఊరుకున్నారు.

వచ్చే ఏడాదికి మూడు ఖర్చులున్నాయి: ర్యాంపు, రెండో మెట్లు, మరుగుదొడ్లు శుభ్రం చేసే మనిషికి నెల జీతం. మొదటి రెండింటికీ ఎవరో ఒకరు ముందుకొస్తారు. మూడోదానికి నెలనెలా ఇచ్చేవాళ్లు కావాలి. సమావేశంలో కాగితం తిప్పుతాం, పేరు రాయండి.

మేడ మీద ఉన్న గోతాలు ఎవరూ పట్టుకుపోవద్దు. వాయవ్య గోడ పని వచ్చే వేసవిలో ఉంది, అప్పటికి వాటిలో కారం పూర్తిగా పోయి ఉంటుందని మేస్త్రి అంటున్నాడు.

ఇట్లు
కార్యదర్శి