రంగం ఊసు లేని జిల్లా చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయికి బడిలో ‘మన జిల్లా చరిత్ర’ అని ప్రాజెక్టు ఇచ్చారు. శ్రీముఖలింగం, అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం అన్నీ చక్కగా రాసుకుంది. కళింగపట్నం రేవు దగ్గరికి వచ్చేసరికి పుస్తకాల్లో దొరికింది 1876 నాటి లైట్‌హౌస్ ఒక్కటే. ఆ రేవులో ఓడెక్కి వెళ్లిన మనుషుల గురించి ఒక్క ముక్క లేదు. నాకు చాలా బాధేసింది.

బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. పాతకాలంలో ఇంట్లో మగమనిషి కనబడకపోతే “రంగం ఎల్లిపోనాడు” అనుకునేవారట. మా తాత, ఆయన తమ్ముడు అలా వెళ్లినవాళ్లే. కూలీలను పోగుచేసే మేస్త్రీ ముందుగా డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్లేవాడు, ఆ బాకీ తర్వాత కూలిలో కోసుకునేవాడు. ఓడ ఒడ్డుకు రాదు కాబట్టి, అలల మీద జనాన్ని అక్కడిదాకా చేర్చింది పడవవాళ్లే. రంగంలో రేవు మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా మన తెలుగువాళ్లు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వాళ్లని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత చెలరేగిన అల్లర్లలో మనవాళ్లు ఎందరో చనిపోయారు.

1941 డిసెంబర్ 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. అన్నదమ్ములిద్దరూ కొండలూ అడవులూ దాటి మణిపూర్ వైపు నడిచారు. చిన్నతాత దారిలో కలరాతో పోయాడు. నెలల తర్వాత ఇల్లు చేరిన తాత పంచె కొంగులో తమ్ముడి తమలపాకుల పెట్టె ఉంది. వెదురు అల్లి, నల్లటి లక్క పూసి, పైన ఎర్ర గీతలు వేసిన గుండ్రటి పెట్టె. మూత అంచున లక్క రాలి లోపలి అల్లిక కనిపిస్తుంది. నాయనమ్మ రోజూ తాను వేసుకునే ముందు ఒక ఆకు అందులో మరిది పేరున పెట్టేది.

1964 తర్వాత బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలు లాగేసుకోవడంతో మరికొన్ని వేలమంది వచ్చేశారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరైనా మిగిలింది. మా రేవులో అదీ లేదు. లైట్‌హౌస్ దగ్గర ఒక బోర్డు పెట్టమని ఒక కార్యాలయానికి అర్జీ ఇస్తే, ఆధారాలు తెమ్మన్నారు.

ఆధారాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. తల్లి చంక ఎక్కి ఆ కొండలు దాటిన పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటాయి. వాళ్ల మాటలు వెంటనే రికార్డు చేయించాలి. ట్రంకు పెట్టెల్లో రంగం ఉత్తరాలు, ఓడ టిక్కెట్లు, ఫొటోలు ఉన్నవాళ్లు పారేయకండి. మీ పత్రిక వారానికి ఒక్క కుటుంబం కథ వేసినా మాకు అదే ఆధారం అవుతుంది. మొదటిదిగా మా పెట్టె ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా